తేనె డబ్బా మీది పిల్ల

గిర్రాంగ్,
ఆగస్టు, ఆదివారం

నా డల్సీ అక్కకి,

ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు. వినపడ్డ సగానికి "సర్లే వాల్, టీ తాగి పడుకో" అంటావు. ఇది టీతో చల్లారే కోపం కాదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఆసుపత్రిలో కిడ్నీ మెషీన్ పక్కన చెయ్యి చాపుకుని పూటంతా కూర్చుంటావు కదా, అప్పుడు చదువుకో.

మన రైల్వే గేటు పక్కన కాంక్రీటు గోధుమ గాదెలున్నాయి కదా. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తమ గాదెల మీద ఆకాశమంత బొమ్మలు వేయించుకున్నాయి. ఒక ఊళ్ళో గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలాయన, ఇంకో ఊళ్ళో ఆయన కుక్క. వాటిని చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తున్నారు, టీ తాగి పెట్రోలు పోయించుకుని పోతున్నారు. మన ఊళ్ళో మాత్రం ఎవరూ ఆగడం లేదని ఇక్కడివాళ్ళకి దిగులు. మొన్న హాల్లో మీటింగు పెట్టారు. కమిటీ పెద్ద ప్రూ హార్కోర్ట్. బళ్ళో నా వెనక బెంచీలో కూర్చుని నా జడ ఇంకులో ముంచేది, ఆ ప్రూయే. ల్యామింగ్టన్ కేకులు పంచారు, టీ పోశారు, దీపాలార్పి తెర మీద బొమ్మ వేశారు.

అక్కా, ఆ బొమ్మ నువ్వే.

లాచ్‌ఫర్డ్ వారి తేనె డబ్బా. ఆరేళ్ళ పిల్ల, భుజాల మీద గుడ్డ లేదు, ఒంటికి ఏదో తోలు చుట్టారు. తల మీద పసుపుపచ్చని వాటిల్ పూల కిరీటం. నోరంతా నవ్వు. కింద "అడవి పువ్వంత తీపి" అని బంగారు అక్షరాలు. పిల్లకి పేరు లేదు. తేనె పట్టిన తేనెటీగలకి ఏ జాతివో పేరు రాశారు గానీ, పిల్లకి లేదు.

హాలంతా "ఎంత ముద్దుగా ఉందో" అంది. నేను లేచి నిలబడ్డాను.

"ఏంటి వాల్, కాళ్ళు పట్టేశాయా?" అంది ప్రూ.

"లేదు. ఆ పిల్ల మా అక్క."

"తెలుసమ్మా. అందుకే కదా నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టాం. మీ ఆదివాసీల్ని గౌరవించుకోవాలనే ఈ పని తలపెట్టాం. ఈ ఊరు కన్న పిల్లల్లో మీ అక్కంత అందగత్తె లేదు."

"ఈ ఊరు కనలేదు ప్రూ. మా అమ్మ కంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గోధుమ రైతు కెన్ బ్రాడీ కేకు నములుతూ, "పువ్వులాంటి పిల్ల అంటే కోపం దేనికి వాల్? మా ఆవిణ్ణి ఆ మాట అంటే చాలు, ఆ పూట నాకు మాంసం కూర దొరుకుతుంది" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. నేను ఒక్కదాన్నే నవ్వలేదు కాబట్టి, నాకు సరదా తెలీదని తేలిపోయింది.

అక్కా, ఈ తెల్లవాళ్ళు తమ పిల్లల్ని పువ్వులన్నప్పుడు అవి తోటలో పువ్వులు. చుట్టూ కంచె ఉంటుంది, నీళ్ళు పోసేవాళ్ళుంటారు, ఎవరు నాటారో తెలుస్తుంది. మనల్ని అన్నప్పుడు అడవి పువ్వులు. అంటే ఎవరివీ కావు, చేతికందితే తెంపుకోవచ్చు. ఎలాగూ నాలుగు రోజుల్లో వాడిపోయేవే కదా. వాడిపోతున్న జాతి అని మన తాతల గురించి వాళ్ళ పుస్తకాల్లో రాసుకున్నారు. మనం వాడిపోలేదు సరే, మన పూలనీ మన మొహాల్నీ మాత్రం కప్పుల మీద, తువ్వాళ్ళ మీద, బిస్కెట్ డబ్బాల మీద అచ్చేసుకుని అల్మారాల్లో పెట్టుకున్నారు. పాత సామాన్ల కొట్లో నీ డబ్బా అద్దాల వెనక ఇప్పటికీ ఉంది. దాన్నే ఇప్పుడు గాదె ఎత్తున నిలబెడతారట. నేను పాలు కొనుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా నా అక్క బట్టల్లేకుండా ఊరికి స్వాగతం చెబుతుంటే కింద నుంచి నడిచి వెళ్ళాలట.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నేను తలుపు దాకా వెళ్ళాక ప్రూ వెనక నుంచి కేకేసింది. "బొమ్మ వేసేది మీ టార్నీయే వాల్. నీకు చెప్పలేదా?"

నా కూతురు. నా కడుపున పుట్టిన కూతురు మెల్‌బోర్న్‌లో గోడలకి రంగులు వేసి పేరు తెచ్చుకున్నది, ఇందుకన్నమాట. వచ్చే వారం వస్తుందట. రానీ.

నీ చెల్లెలు,
వాల్


గిర్రాంగ్,
సెప్టెంబరు చివర

డల్సీ అక్కకి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఒంట్లో బాగుందనే అనుకుంటున్నాను. బాగోకపోతే మీ కోడలు ఫోన్ చేసేదే.

టార్నీ వచ్చింది. సంచీ కింద పెట్టకుండానే, "అమ్మా, ముందు అరిచెయ్. తర్వాత మాట్లాడుకుందాం" అంది.

"నేనెందుకు అరుస్తాను? పెద్ద పేరున్న దానివి" అన్నాను. తర్వాత పొయ్యి మీద గుమ్మడికాయ సూప్ మాడి అడుగంటే దాకా అరిచాను. పెద్దమ్మని అమ్ముకుంటున్నావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి నీకు రాయను. ఆ పిల్ల గిన్నె దించి, కిటికీ తెరిచి, నాకెదురుగా కూర్చుంది.

"నేను కాదంటే వాళ్ళు ఇంకోణ్ణి తెచ్చుకుంటారమ్మా. వాడు డబ్బా మీది బొమ్మని ఉన్నదున్నట్టు ఎక్కించేసి పోతాడు. గోడ నా చేతిలో ఉంటే ఏం వెయ్యాలో నేను చెప్పగలను."

"ఏం వేస్తావు?"

"లే, చూపిస్తా."

రైలు పట్టాల వెంట ముళ్ళ కంచె వెనక్కి తీసుకెళ్ళింది. గొర్రెలు ఎన్నడూ దూరని చిన్న నేల చీలిక అది. గడ్డి మధ్య సన్నని కాడలు, వాటి మీద వేలి గోరంత పసుపు పూలు. మొగ్గలు మాత్రం తలలు వంచుకుని ఉన్నాయి, బళ్ళో తిట్లు తిన్న పిల్లల్లాగ. దీని పేరు మర్నాంగ్ అంది. ఈ పేరు ముసలమ్మల నోట విన్నాను గానీ, డెబ్భై ఏళ్ళలో ఆ పువ్వుని ఎప్పుడూ చూడలేదక్కా. టార్నీ కర్రతో ఒక మొక్క అడుగు కదిపింది. పాలు కారే తెల్లటి దుంప, పిల్ల ముల్లంగిలా ఉంది. తుడిచి నా నోట్లో పెట్టింది. కొబ్బరి రుచి వచ్చింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందన్నాను.

ఈ మైదానమంతా ఒకప్పుడు ఈ పువ్వేనట. మన ముత్తవ్వలు బారులు తీరి తవ్వుకోలలతో దుంపలు తీసేవాళ్ళు, చిన్నవాటిని మళ్ళీ మట్టిలో పెట్టి కప్పేవాళ్ళు. వాళ్ళు తవ్విన కొద్దీ నేల గుల్లబారి ఇంకా పెరిగేవి. తెల్లవాళ్ళు వచ్చి చూసి, ఆహా ఎన్ని పూలు, ఎవరూ సాగు చెయ్యని నేల అని డైరీల్లో మురిసిపోయి, గొర్రెల్ని తోలారు. కొన్నేళ్ళకే గొర్రెలు వేళ్ళతో సహా మేసేశాయి. పంట తినేసి, ఆ తర్వాత మన చేతికి రేషను పిండి పొట్లం ఇచ్చి, పాపం వీళ్ళకి పండించుకోవడం రాదన్నారు. పువ్వు పైన చూసిన కళ్ళకి కింద దుంప కనపడలేదు. కనపడలేదో, చూడదలచుకోలేదో.

టార్నీ దాన్నే వేస్తానంది. గాదె నిండా మర్నాంగ్. పైన పువ్వు, కింద నేల దాకా వేళ్ళు. పిల్లా లేదు, వాటిల్ పూలూ లేవు. నేను సూప్ మళ్ళీ పెట్టాను.

నిన్న కమిటీకి ఆ నమూనా చూపించాం. ప్రూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"టార్నీ, ఇది పెరట్లో పీకి పారేసే కలుపు కదమ్మా?"

"కాదు, దాని చుట్టం లాంటిది. ఇది ఇక్కడిది. పీకి పారేసేది మీ వాళ్ళు ఓడలో తెచ్చింది" అంది టార్నీ.

కెన్ బ్రాడీ తల గోక్కున్నాడు. "అమ్మాయ్, దీని మీద నేను ఏడాదికి రెండుసార్లు మందు కొడతాను. ఇంతెత్తున దీన్ని చూస్తే నాకు నిద్ర పట్టదు."

"ఎవరొస్తారు దుంపలు చూడ్డానికి?" అంది ప్రూ. "ఆ పిల్ల ఉండాలి. వాటిల్ పూలు ఉండాలి. జనానికి గుర్తుండేది అదే. ఆ పిల్ల లేకపోతే గాదె లేదు."

అప్పుడు నేను లేచాను. "ఆ పిల్ల రాదు" అన్నాను. "మా అక్కకి ఆ బొమ్మంటే సిగ్గు. ఆ డబ్బా కనబడితే మొహం తిప్పుకుంటుంది. మా ఇంటి తరఫున కాదంటున్నాం. ఇంక మాట్లాడేది లేదు."

ప్రూ మొహం సున్నం కొట్టినట్టు అయింది. అనుమతి లేకుండా వేస్తే పేపర్లవాళ్ళు ఊరుకోరని వాళ్ళకి తెలుసు. పని ఆపేశారు. గాదె బూడిద రంగులోనే ఉండనీ. నీ పరువు కాపాడాను అక్కా. ఇన్నాళ్ళకి ఒక్కసారైనా వాళ్ళ నోరు మూయించాం.

నీ వాల్


రాబిన్‌వేల్,
అక్టోబరు

వాల్,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. కళ్ళు మసకగా ఉంటే రెండోది మెషీన్ దగ్గర నర్సు చేత చదివించుకున్నాను. ఆ పిల్ల చదవడం ఆపి నా బీపీ మళ్ళీ చూసింది. ఈ జవాబు మా కోడలు రాస్తోంది, మాటలు మాత్రం నావి. ఒక్కటి కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

నాకు సిగ్గని నీతో ఎప్పుడు చెప్పాను? నా పరువు నీ చేతిలో ఎప్పుడు పెట్టాను? ఆరేళ్ళప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. డెబ్భై అయిదు దాటాక కూడా ఎవరూ అడగలేదు. అప్పుడు అడగనిది కెమెరా పట్టుకున్న తెల్లవాడు. ఇప్పుడు అడగనిది నా చెల్లెలు. నువ్వు ఏ హాల్లో లేచి నిలబడి ఏం మాట్లాడినా నాకు అభ్యంతరం లేదు. నా నోటితో మాట్లాడకు.

నీకు తెలియని సంగతి చెబుతాను, కూర్చో. అప్పటికి నువ్వు పాకుతున్నావు. ఏటి ఒడ్డున రేకుల గుడిసెలో ఉండేవాళ్ళం. మన మీద సర్కారు పెట్టిన సూపర్నెంటు ఒక మనిషిని పంపాడు, ఫోటోకి పెద్ద పిల్లని తీసుకురమ్మని. అమ్మ నాకు ఆదివారం గౌను తొడిగింది. దొరసాని పారేసిన కర్టెను కత్తిరించి చేతి కుట్టుతో కుట్టి, మెడకి లేసు పెట్టిన తెల్ల గౌను. తల దువ్వింది. మనల్ని మనుషుల్లా చూస్తారనుకుంది.

సూపర్నెంటు ఎదురుగానే లాచ్‌ఫర్డ్ కంపెనీ ఫోటో మనిషి కారులోంచి కంగారూ తోలు తీశాడు. "గౌను విప్పు" అన్నాడు. అమ్మ విప్పనంది. నేను విన్నాను, విప్పనని గట్టిగానే అంది. సూపర్నెంటు ఆవిడ వైపు చూశాడు, తర్వాత చంకలో ఉన్న నీ వైపు చూశాడు. సర్కారువాళ్ళు మన పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి ఎలా లాక్కెళ్ళేవాళ్ళో అందరికీ తెలుసు. ఇంకో మాట అక్కర్లేకపోయింది. అమ్మ తన చేతులతోనే విప్పింది. మడత పెట్టి గుండెకి ఆనించుకుంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడిస్తే ఫోటో రాదు, రోజంతా ఇక్కడే" అన్నాడు వాడు.

అప్పుడు అమ్మ వెళ్ళి కెమెరా వెనక నిలబడింది. వాడి భుజం పక్క నుంచి నన్ను వెక్కిరించడం మొదలుపెట్టింది. మెల్లకన్ను పెట్టింది, బుగ్గలు పూరించింది, నాలుక చాచి ముక్కు కొన అందుకుంది. ఆవిడకి అందేది, వాల్. అలా చేయగలిగిన మనిషిని మళ్ళీ నేను చూడలేదు. నాకు నవ్వాగలేదు. వాడు అదే పట్టుకున్నాడు.

మరుసటి ఏడు చలికాలంలో దగ్గు ముదిరి అమ్మ పోయింది. నిన్ను పిన్ని తీసుకుంది, నన్ను అనాథ పిల్లల హోముకి తోలారు. అక్కడ నా పేరు తేనె డబ్బా. పదిహేనేళ్ళకి దొరల ఇంట్లో పనికి పెట్టారు. విందులకి వచ్చిన మగవాళ్ళు గుర్తుపట్టేవాళ్ళు. "ఇలా రా పిల్లా, ఎంత తీపో చూద్దాం" అనేవాళ్ళు. అప్పుడు నేర్చుకున్నాను, వాళ్ళ మధ్యకి వెళ్ళేటప్పుడు చేతిలో కాగుతున్న టీ కెటిల్ ఉండాలని. ఇద్దరి మీద ఒలికింది. పొరపాటున అని చెప్పాను. కనక ఆ డబ్బా ఏం చేసిందో నువ్వు నాకు పాఠం చెప్పనక్కర్లేదు.

కానీ దాన్ని చూస్తే నేను మొహం తిప్పుకోను. నా వంటింట్లో ఉంది. అమ్మ ఫోటో ఈ లోకంలో ఒక్కటి కూడా లేదు. ఆ డబ్బా మీద అమ్మ లేదు, నిజమే. అమ్మని చూస్తున్న నా మొహం ఉంది. ఆ నవ్వు తేనెది కాదు, వాటిల్‌ది కాదు, లాచ్‌ఫర్డ్‌ది అసలే కాదు. అది అమ్మది. నువ్వు దాన్ని సిగ్గని పిలిచి, ప్రూ హార్కోర్ట్ ముందు తుడిచేశావు.

ఇంకొకటి. వాటిల్ కూడా వద్దన్నారట. అదేం పాపం చేసింది? అమ్మ ఆ చెట్టు బెరడు మీద కారిన బంక గిల్లి నా నోట్లో పెట్టేది, గింజలు వేయించి నూరేది. వాళ్ళు ఎత్తుకుపోయి నెత్తిన పెట్టినంత మాత్రాన పువ్వు వాళ్ళదైపోతుందా? దొంగ ముట్టుకున్నాడని ఇల్లు వదిలేసి పోతావా?

టార్నీని నా దగ్గరికి పంపు. అమ్మ మొహం నాకొక్కదానికే గుర్తుంది. నాతో పోకముందే దించుకోమను. పోయినవాళ్ళ మొహం చూపించకూడదని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేను, నేను ఒప్పుకున్నాను. కమిటీకి చెప్పు, ఆ పిల్ల గాదె మీదికి వస్తుందని. ఏం తొడుక్కుని వస్తుందో, ఎటు చూస్తుందో నేను చెబుతాను.

డల్సీ


గిర్రాంగ్,
మార్చి

నా డల్సీ అక్కకి,

మంచి ఉత్తరం రాయాలని ఇన్ని నెలలు ఆగాను. నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. నాలుగో రోజు కోపం నా మీదికి తిరిగింది. అడగాల్సింది, అడగలేదు. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు.

టార్నీ నీ దగ్గర్నుంచి లావుపాటి బొమ్మల పుస్తకంతో తిరిగొచ్చింది. చూపించమంటే, "పెద్దమ్మ వద్దంది. గోడ మీదే చూడాలట" అంది. నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే.

ఆ పిల్ల వస్తుందనగానే ప్రూ నన్ను హాల్లో కౌగిలించుకుంది. కొత్త నమూనాలో ఒక ఆడమనిషి, ఎదురుగా ఒక చిన్నపిల్ల, పైన పూసిన వాటిల్ కొమ్మ, కాళ్ళ కింద మర్నాంగ్ పూలు, వాటి కింద దుంపలు. ఆడమనిషి మొహం మాత్రం ఖాళీగా వదిలింది టార్నీ. "మొహం ఇంకా కుదర్లేదు. చివర్లో వేస్తాను" అంది. వాళ్ళు చూసింది పిల్లని, వాటిల్‌ని. ఆనందంగా సంతకాలు పెట్టేశారు.

వేసవంతా క్రేను బుట్టలో ఎండలో నిలబడి వేసింది నా కూతురు. ముందు వేళ్ళు వేసింది. మట్టి రంగులో నేల దగ్గర మొదలై, నా నడుమంత లావు దుంపలు. వాటి మీద తలలు వంచిన మొగ్గలు, తలెత్తిన పూలు. తర్వాత పిల్ల వచ్చింది. తెల్ల గౌను, మెడకి లేసు, దువ్విన తల. అక్కా, నీ వీపే కనిపిస్తుంది. మొహం కనపడదు. ఊరికి నీ వీపు చూపిస్తూ నిలబడ్డావు. తర్వాత వాటిల్ కొమ్మ, దాని బెరడు మీద ఎర్రటి బంక చుక్కలు, ఎండకి నిజంగా కారుతున్నాయా అనిపించేలా. ఆ తర్వాత అమ్మ చేతులు, తవ్వుకోల, భుజాన సంచి. మొహం వేసే వారం టార్నీ నన్ను రైల్వే గేటు వైపు రావొద్దంది. చుట్టు తిరిగి వెనక వీధిలోంచి వెళ్ళి పాలు తెచ్చుకున్నాను.

శనివారం ఊరంతా పోగైంది. నేను వెళ్ళేసరికే గుసగుసలు. ప్రూ నా చెయ్యి పట్టుకుంది. "వాల్, ఆవిడ మనల్ని వెక్కిరిస్తోందేమిటి?" అంది.

టార్నీ క్రేను దిగి వస్తూ వింది. "మిమ్మల్ని కాదు ప్రూ. ఎదురుగా పిల్ల ఉంది చూడండి."

"మరి ఆ పిల్ల నవ్వు ఏదమ్మా? జనం దానికోసమే కదా వచ్చేది?"

"ఆ నవ్వు వాళ్ళమ్మకి."

కెన్ బ్రాడీ టోపీ తీసి చాలాసేపు పైకి చూశాడు. "నేను ఆముదం తాగనంటే మా అమ్మా ఇలాగే చేసేది" అన్నాడు, ఎవరితోనూ కాదు. మర్నాడు కమిటీ నాలుక తీసేయమని ఉత్తరం రాసింది. పిల్లని ఇటు తిప్పమని కూడా. తియ్యనని, తిప్పనని టార్నీ రాసింది. వాళ్ళు పేపరుకెక్కారు. పేపర్లో పడ్డాక కార్లు వరస కట్టాయి. ప్రూ ఇప్పుడు వాళ్ళకి టీ అమ్ముతోంది. నాతో మాత్రం మాట్లాడ్డం లేదు. మాట్లాడకపోనీ. నిన్న కొట్లో ఒకావిడ "ఊరికి అవమానం" అని నా వెనక అంది. "అవమానం చేసిన రోజున మీరెవరూ పేపరుకి రాయలేదే" అన్నాను. పాలు తీసుకుని వచ్చేశాను.

ఇంక నువ్వు ఎదురుచూస్తున్నది చెబుతాను.

నేను తలెత్తలేకపోయాను అక్కా. ముందు వేళ్ళు చూశాను, తర్వాత పూలు, తర్వాత నీ లేసు. నా జీవితమంతా అమ్మ అనేది ఒక మాటే. దానికి మొహం లేదు. అద్దంలో నా మొహంలోనే వెతుక్కునేదాన్ని, ఏది ఆవిడదో, ఏది నాన్నదో తెలియక. టార్నీ నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, చూడు" అంది.

ఎంత చిన్నది అక్కా. టార్నీ కంటే చిన్నది. నుదురు నాది. కళ్ళు రెండూ ముక్కు దగ్గరికి తెచ్చి, బుగ్గలు బుడగల్లా పెట్టి, నాలుక చాచి ముక్కు కొనని అందుకుని, గోధుమ గాదె మీంచి, నడిమధ్యాహ్నం, ఊరు ఊరంతా చూస్తుండగా.

ఏడుస్తానని టార్నీ జేబురుమాలు సిద్ధంగా పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఆపలేకపోయాను. కడుపు పట్టుకుని రైలు పట్టాల పక్క కంకర మీద కూర్చుండిపోయాను. ప్రూ ఎవరినో నీళ్ళు తెమ్మంది. నేను చెయ్యి ఊపి వద్దన్నాను. మా అమ్మ నన్ను నవ్విస్తోంది, మధ్యలో నీళ్ళెందుకు?

నీ చెల్లెలు,
వాల్